మందకు కొత్త గుర్తు

అత్వెల్లి రోడ్డు మీద పరమేష్ వెల్డింగ్ షాపు ఎక్కడని ఎవరినడిగినా చెయ్యెత్తి చూపిస్తారు. ఆ షాపు వెనక ఒక గది ఉందనీ, అందులో పరమేష్ భార్య స్రవంతి కూర్చుని చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ కోసి, అతికించి, పాటలు పెట్టి పంపిస్తుందనీ మొన్న దసరా దాకా చాలామందికి తెలియదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. గది మీది బోర్డు కూడా 'పరమేష్ డిజిటల్ వీడియో' అనే చెప్పేది. పాపం, పరమేష్‌కు వీడియో అంటే ఫోన్లో చూసేదని తప్ప ఇంకేమీ తెలియదు. గ్రైండరు పట్టుకుంటే ఎంత ఇనుమైనా ఆయన మాట వింటుంది గానీ, మౌసు పట్టుకుంటే ఆయన చెయ్యే ఆయన మాట వినదు.

స్రవంతిది రావల్కోల్. గొర్లు కాసే కుర్మయ్య కూతురు. చిన్నప్పుడు బడి లేని రోజు నాయిన వెంట మంద వెనక తిరిగింది, పెద్దయ్యాక మేడ్చల్లో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బంలు చేసింది. ఆ స్టూడియోవాడు మూత వేసి వెళ్లిపోతూ జీతం బదులు ఒక పాత కంప్యూటరు ఇచ్చి పోయాడు. జీతం ఎగ్గొట్టాడని అందరూ తిట్టారు గానీ స్రవంతి మాత్రం ఆ రాత్రంతా సంతోషంతో నిద్రపోలేదు. పెళ్లయి అత్వెల్లికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి బీరువాకంటే ముందు ఆ కంప్యూటరే దిగింది. సాఫ్ట్‌వేర్లు కొనే స్తోమత లేక, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించుకుంది. అన్నం ఉడికేలోపు ఫోన్లో ఒక పాఠం, కూర ఉడికేలోపు ఇంకో పాఠం చొప్పున దాన్ని నేర్చుకుంది. రెండుసార్లు కూర మాడింది, పాఠం మాత్రం పోలేదు.

ఒకసారి డిస్కు చచ్చిపోయి గిర్మాపూర్ వాళ్ల పెళ్లంతా మాయమైంది. పెళ్లికూతురు ఫోన్ చేసి ఒక్క మాట కూడా తిట్టకుండా ఏడ్చింది. తిట్టినా బాగుండేదని స్రవంతి చాలా రోజులు అనుకుంది. ఆ తర్వాత ఒకటికి రెండు డిస్కులు కొని, ఒకదాని మీద రాసిందల్లా రెండోదాని మీద కూడా అదే క్షణంలో పడేలా జత కట్టింది. దీన్నే రెయిడ్ అంటారు. డిస్కులు రెండున్నా కంప్యూటరుకు ఒకటిగానే కనిపిస్తాయి. ఒకటి పోయినా ఇంకొకటి ఇల్లు నిలబెడుతుంది. జత కట్టేటప్పుడు దానికొక పేరు పెట్టమని కంప్యూటరు అడుగుతుంది. స్రవంతి ఆలోచించకుండా 'మంద' అని పెట్టింది. నాయిన మంద ఎట్లా ఒక్కటై కదులుతుందో ఇవీ అట్లా కదలాలని ఆమె ఆశ. ఇక కంప్యూటరు పేరు అప్పటికే 'పరమేష్'. బోర్డు మీద ఏ పేరుంటే కంప్యూటరుకూ ఆ పేరే కదా అని మొదట్లోనే అట్లా పెట్టేసింది.

ఈ దసరాకు ఆ బోర్డే మారింది. మార్చింది పరమేషే.

"పని నీది, పేరు నాది. గిదేం పద్ధతి?" అన్నాడు ఒకనాడు అన్నం తింటూ. "పెండ్లిలకు పోతే అందరు నన్నే వట్టుకుంటున్రు. 'అన్నా, మా మేనత్త డాన్సు ఎందుకు తీసేసినవ్' అంటరు. నాకేమెరుక?"

"మంచిగ నడుస్తాంది గదరా, ఇప్పుడు పేరు మార్సుడేంది?" అని రుక్కమ్మ గొణిగింది. రుక్కమ్మ స్రవంతికి అత్త. నడుస్తున్న దేన్నీ కదిలించకూడదని ఆమె గట్టి నమ్మకం. ఇంట్లో ఫ్యాను రెక్కలు తుడవాలన్నా ఆమెను ఒప్పించాలి.

పరమేష్ వినలేదు. షాపులో మిగిలిన చదరపు గొట్టాలతో ఫ్రేము చేసి, రేకు బిగించి, పెద్ద పెద్ద అక్షరాలతో 'స్రవంతి వీడియో' అని రాయించుకొచ్చాడు. దసరా పొద్దున దాన్ని గది మీద ఎక్కించాడు. స్రవంతి కింద నిలబడి దాన్ని రెండుసార్లు చదువుకుంది. తన పేరు ఇంత పెద్దగా ఎక్కడా చూసుకోలేదు, పెళ్లి పత్రికలో కూడా చిన్న అక్షరాల్లోనే ఉండింది. ఆ ఊపులో లోపలికి వెళ్లి ఫోన్లో దుకాణం పేరు మార్చింది, ఫొటో మార్చింది, చివరికి కంప్యూటరు పేరు కూడా 'పరమేష్' తీసి 'స్రవంతి' అని పెట్టింది. అంతా ఒక నిమిషం పని. ఆ నిమిషం ఎంత పని చేస్తుందో అప్పుడు ఆమెకు తెలియదు.

ఆ రోజు సాయంత్రమే శామీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో వీరభద్రంగారి షష్టిపూర్తి. ఆయన పుట్టిన ఆశ్వయుజంలో, ఆయన జన్మనక్షత్రం శ్రవణం సరిగ్గా పండగనాడే పడింది. వాళ్లది రాజమండ్రి వైపు, యాప్రాల్లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన భార్య బాలాత్రిపురసుందరిగారు ఎండాకాలంలోనే స్రవంతిని పిలిపించి, అరవై ఏళ్ల జీవితం మీద సినిమాలాగా ఒక వీడియో చెయ్యమని అప్పగించారు. పాత ఫొటోలు, బంధువుల మాటలు అన్నీ సమకూరాయి. అన్నింటికంటే విలువైనది ఒకటుంది. సుందరిగారి తల్లి పాడిన మంగళహారతి.

ఆ ముసలమ్మ ఇంట్లోవాళ్ల ముందు నోరు విప్పేది కాదు. గొంతు పోయిందని సిగ్గు. ఒక మధ్యాహ్నం అందరూ వంటింట్లో ఉంటే, బాల్కనీలో స్రవంతి ఒక్కతే కెమెరాతో ఉన్నప్పుడు, ఏమనుకుందో ఏమో, తానంతట తానే హారతి పాట మొత్తం పాడింది. "అల్లుడి షష్టిపూర్తికి నేనుంటానో ఉండనో, అప్పుడు వెయ్యి" అంది. ఆషాఢంలో ఆమె పోయింది. పలకరించడానికి వెళ్లినప్పుడు స్రవంతి పాట సంగతి చెబితే, సుందరిగారు కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు వద్దమ్మా, ఇప్పుడు వింటే తట్టుకోలేను. ఆ రోజే వింటాను" అన్నారు. ఆ పాట ప్రపంచంలో ఒక్కచోటే ఉంది. కెమెరా కార్డు చెరిపేసి వేరే పెళ్లికి వాడేసింది స్రవంతి. రెండు డిస్కులున్నాయి కదా, ఇంకేం భయమని ఆమె ధీమా. వీడియో అంతా సిద్ధం చేసింది, చివర ఆ పాట అతికించడమే మిగిలింది. పండగ పూజ అయ్యాక, మంచి మనసుతో ఆ పని చేద్దామనుకుంది.

పూజ ఘనంగా జరిగింది. వెల్డింగ్ మిషనుకు, గ్రైండరుకు, బండికి బంతిపూల దండలు పడ్డాయి. రుక్కమ్మ పళ్లెం పట్టుకుని గదిలోకి వచ్చింది.

"డబ్బకు వెడితే ఏం లాభం? పని జేసేది లోపటిది గదనే. తెరువు" అంది.

స్రవంతి కంప్యూటరు ఆపి, పక్కరేకు విప్పింది. రుక్కమ్మ వంగి, రెండు డిస్కులకూ భక్తిగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఫ్యానుకు కూడా పెట్టబోతే స్రవంతి చెయ్యి పట్టుకుని ఆపింది. కొబ్బరికాయ గడప బయటే కొట్టారు, అంతవరకు అదృష్టం.

మళ్లీ కంప్యూటరు వేసింది. చక్కగా లేచింది. మంద ఉండే ఫోల్డరు తెరిచింది. ఖాళీ.

ఇంకోసారి తెరిచింది. ఖాళీగానే ఉంది. పెళ్లిళ్లు లేవు, పుట్టినరోజులు లేవు, వీరభద్రంగారి అరవై ఏళ్లు లేవు, ముసలమ్మ పాట లేదు. ఊడ్చిపెట్టిన వాకిలిలా తెల్లగా ఉంది తెర.

"ఓ పరమేషూ! జల్దీ రా!"

ఆ కేకకు పరమేష్ చేతిలోని పాయసం గిన్నెతో సహా పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే రుక్కమ్మ. సంగతి విన్నాక రుక్కమ్మ ముఖం పాలిపోయింది. డిస్కుల మీది బొట్లను చూసింది, తన వేళ్లకున్న కుంకుమను చూసుకుంది.

"నా బొట్టుకే ఖరాబైందా బిడ్డా?"

"కాదత్తా. బొట్టు పైననే ఉన్నది, లోపటికి పోలే" అంది స్రవంతి. అంది గానీ ఆమెకూ నమ్మకం లేదు. తడిబట్ట వద్దని పొడిబట్టతో బొట్లు తుడిచింది. రుక్కమ్మ ఆ తుడవడం చూడలేక కళ్లు మూసుకుంది. పరమేష్ తీగలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ గట్టిగా గుచ్చాడు. ఇనుము మనిషి కదా, ఏదైనా వదులైతేనే పాడవుతుందని ఆయన లెక్క. మళ్లీ వేశారు. మళ్లీ ఖాళీ.

"నేను ముందే జెప్పిన, పేరు మార్సద్దని" అంది రుక్కమ్మ ఏడుపు గొంతుతో. "మంచిగున్న పేరు తీసినం, లక్ష్మి పోయింది. మల్ల పాత పేరే వెట్టున్రి."

"నువ్వాగే అమ్మా! కంప్యూటరుకు పేరుతోని ఏం పని?" అని పరమేష్ కసిరాడు. కసిరాడు గానీ తప్పెవరిదో ఆ గదిలో ఆ క్షణాన ఎవరికీ తెలియదు.

ఫోన్ మోగింది. సుందరిగారు. స్రవంతి ఎత్తింది, ఎత్తక తప్పదు కదా.

"వీడియో అమ్మాయీ, బయల్దేరావా? అమ్మ పాట ఉంది కదా? పొద్దున్నుంచి అదే ధ్యాసమ్మా నాకు. మా అన్నయ్యవాళ్లు కూడా దాని కోసమే కాకినాడ నుంచి వచ్చారు."

"ఉన్నదమ్మా. తీసుకొస్తున్న" అంది స్రవంతి. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది.

ఫోన్లో వెతికితే ఒకాయన వీడియో దొరికింది. పోయిన జతను రెండు నిమిషాల్లో తిరిగి తెచ్చుకోండి అని హుషారుగా చెబుతున్నాడు. ఉన్నదాన్ని ఆపెయ్యండి, అవే రెండు డిస్కులతో కొత్తగా జత క్రియేట్ చెయ్యండి, అంతే అన్నాడు. స్రవంతి అక్షరం అక్షరం చూసి ఆ ఆజ్ఞ మొత్తం కొట్టింది. చిటికెనవేలు ఎంటర్ మీద పెట్టింది.

"కొట్టు, కొట్టు" అన్నాడు పరమేష్. "యాళ్లయితాంది."

కొట్టేదే. కానీ 'కొత్తగా' అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది.

రావల్కోల్లో గొర్ల కాపరులు ఎవరి గొర్లకు వాళ్లు గుర్తు పెట్టుకుంటారు. కుర్మయ్య మందకు మెడ మీద జాజు రంగు, ఇంకొకరికి వీపు మీద నీలం, ఇంకొకరికి చెవికి గాటు. ఒకనాటి సాయంత్రం దొడ్లోకి నీలం మచ్చ ఉన్న రెండు గొర్లు కలిసి వచ్చాయి. చిన్న స్రవంతి సంబరంగా జాజు గిన్నె అందుకుని, నీలం మీద ఎర్రగా పూయబోయింది. కుర్మయ్య ఉరికి వచ్చి గిన్నె లాక్కున్నాడు. "ముందుగాల గుర్తు సూడాలె బిడ్డా. సూడకుంట మన రంగు పూస్తివా, ఇగ అది ఎవలిదో దేవునిక్కూడ తెల్వదు" అన్నాడు. ఆ రెంటినీ తరిమెయ్యలేదు, మందలో కలపనూ లేదు. దొడ్డి చివర వేరుగా కట్టేసి, నీళ్లు పెట్టి, గుర్తు చెప్పి ఊరంతా అడిగాడు.

స్రవంతి వేలు ఎంటర్ మీంచి తీసింది. కొట్టినదంతా చెరిపేసింది.

"ఏమైంది?" అన్నాడు పరమేష్.

"రంగు పూయబోతున్న. గుర్తే సూడలే" అంది. పరమేష్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు.

డిస్కులను కదిలించకుండా, వాటి మీద ఏం రాసి ఉందో చదివి చెప్పే ఆజ్ఞ ఒకటుంది. ఎగ్జామిన్. అది కొట్టింది. తెర మీద వరసలు వరసలుగా అక్షరాలు దిగాయి. మధ్యలో ఒక వరస దగ్గర ఆమె చూపు అతుక్కుపోయింది. పేరు: 'పరమేష్:మంద'.

రెండో డిస్కు చదివించింది. అదే. 'పరమేష్:మంద'.

స్రవంతి కుర్చీలోంచి లేచి నిలబడింది. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి.

"అత్తా, నీ బొట్టుది తప్పు గాదు! నాది! జత గట్టిననాడు దాని మీద కంప్యూటరు పేరు గూడ పడ్డది. పరమేష్ ఇంటి మంద అని. పొద్దున నేను కంప్యూటరు పేరు మార్సిన. ఇప్పుడు గీ కంప్యూటరు ఏమనుకుంటాంది? నేను స్రవంతిని, గీ మంద పరమేష్‌ది, పరాయోళ్లది అనుకుంటాంది!"

"మరి యాడ వెట్టింది?" అంది రుక్కమ్మ వెంటనే. ఎంత పరేషాన్‌లో ఉన్నా అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

ఎక్కడ పెడుతుంది? దొడ్డి చివర. తన ఇంటి మంద అయితే తెలిసిన పేరుతో, తెలిసిన చోట నిలబెడుతుంది. పరాయిది అనిపిస్తే చిట్టచివరి నంబరు ఇచ్చి, రాయడానికి వీల్లేకుండా, పక్కన కట్టేస్తుంది. స్రవంతి వెతికింది. ఉంది! ఎండీ 127 అనే పేరుతో ఒక మూలన, రెండు డిస్కులూ నిక్షేపంగా ఉన్నాయని రెండు యూ అక్షరాలు పక్కపక్కనే పెట్టుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని కూర్చుని ఉంది. స్రవంతి ఇందాకటి నుంచి పిలుస్తున్నది పాత చోటును, అందుకే ఖాళీ వాకిలి కనిపించింది.

ఆ కొత్త నంబరుతోనే పిలిచి, ఫోల్డరు తెరిచింది. గలగలమని అన్నీ వచ్చాయి. పెళ్లిళ్లు, బారసాలలు, పుట్టినరోజులు, వీరభద్రంగారు. చివరన బాల్కనీ. ముసలమ్మ.

పరమేష్ ఈల వేశాడు. రుక్కమ్మ చేతులెత్తి మొక్కింది, కంప్యూటరుకో కోడలికో తెలియలేదు.

"ఇగ పాత పేరు వెట్టేయ్" అన్నాడు పరమేష్. "మల్ల గీ లొల్లి ఎందుకు? కంప్యూటరును పరమేష్ అంటే అన్నీ మొదటి లెక్కనే ఉంటయి గద?"

నిజమే. అదే సులువు. ఒక నిమిషంలో మార్చింది, ఒక నిమిషంలో తిరిగి మార్చొచ్చు. స్రవంతి కిటికీలోంచి బయటికి చూసింది. కొత్త బోర్డు నీడ వాకిట్లో పడి ఉంది.

"వద్దు" అంది. "గుర్తు మారాలె. మంద నాదే గద."

అయితే ముందు పాట. అనుభవం వచ్చింది కాబట్టి, మొట్టమొదట దాన్ని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి పరమేష్ జేబులో, ఇంకొకటి రుక్కమ్మ కొంగున కట్టించింది. అప్పుడు మందను నెమ్మదిగా ఆపి, మళ్లీ నిలబెడుతూ, దాని పేరు మార్చమంది. క్రియేట్ కాదు, అసెంబుల్. కొత్తగా కట్టడం కాదు, ఉన్నదాన్నే కొత్త పేరుతో పిలవడం. మంద గుర్తును కంప్యూటరు మరిచిపోకుండా ఒక వరస రాసి పెట్టింది, మొదటిరోజే రాయాల్సిన వరస. ఇక కంప్యూటరు ఆపి వెయ్యాలి. ఆపి వేసింది. తెర వెలిగింది. ఎగ్జామిన్ కొట్టింది. 'స్రవంతి:మంద'. ఫోల్డరు నిండుగా ఉంది.

"అబ్బో" అన్నాడు పరమేష్. ఆ అబ్బోలో బోర్డు రాయించిన గర్వమంతా ఉంది.

పాటను అతికించడానికి కూర్చుంది. క్లిప్ మొదట్లో, పాటకు ముందు, ముసలమ్మ కెమెరా వైపు చూసి ఏదో అడుగుతుంది, వెనక నుంచి స్రవంతి గొంతు జవాబిస్తుంది. ఇన్నేళ్లలో ఎన్ని వీడియోలు చేసినా తన గొంతు పడిన ప్రతిచోటా కత్తిరించడం ఆమెకు అలవాటు. కత్తెర అక్కడ పెట్టింది. కాసేపు చూసింది. కత్తిరించకుండా వదిలేసింది.

బండి మీద మేడ్చల్ దాటేసరికి రోడ్లన్నీ జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లేవాళ్లతో నిండి ఉన్నాయి. పరమేష్ హారన్ మీద నుంచి వేలు తీయలేదు. శామీర్‌పేట హాలుకు చేరేసరికి హోమం అయిపోయింది, తెర కట్టి ఉంది, సుందరిగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

లైట్లు ఆర్పారు. వీరభద్రంగారి చిన్నతనం, ఉద్యోగం, పెళ్లి ఒక్కొక్కటే నడిచాయి. జనం నవ్వారు, ఈలలు వేశారు. చివరికి తెర మీద బాల్కనీ వచ్చింది. ముసలమ్మ చీర కొంగు సర్దుకుని ముందుకు వంగింది.

"నీ పేరేంటమ్మా?"

"స్రవంతి అంటరమ్మా" అంది తెర వెనక గొంతు.

"మంచి పేరు. స్రవంతీ, నేను పాడతాను గానీ, మా సుందరికి చెప్పు. నువ్వు అడక్కపోయినా నీ ముఖం చూసి పాడానని చెప్పు."

తర్వాత పాట. సన్నటి గొంతు, అక్కడక్కడ బీటలు వారింది, శ్రుతి మాత్రం తప్పలేదు. హాల్లో ఒక్క చెంచా చప్పుడు లేదు. సుందరిగారు మొదటి చరణం దాకా తమాయించుకున్నారు, తర్వాత అన్న భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చారు. కాకినాడ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషీ ఏడ్చాడు. గోడ పక్కన నిలబడ్డ స్రవంతికి కళ్లలో నీళ్లు ఆగలేదు, ఆపాలని కూడా అనిపించలేదు. ఈ పాట ఇప్పుడు ఇంతమంది విన్నారు, ఇక ఇది ఎక్కడికీ పోదు అనుకుంది.

లైట్లు వేశాక సుందరిగారు భోజనాల వైపు వెళ్లకుండా, జనాన్ని తప్పించుకుంటూ నేరుగా గోడ దగ్గరికి వచ్చారు. స్రవంతి చేతులు రెండూ పట్టుకున్నారు.

"అమ్మ ఒక్క మధ్యాహ్నం చూసి నీ పేరు అడిగింది" అన్నారు. "నేను ఎండాకాలం నుంచీ నిన్ను పిలిపించుకుంటూ ఒక్కసారీ అడగలేదమ్మా."

ఫోన్ తీసి చూపించారు. అందులో స్రవంతి నంబరు మీద 'పరమేష్ వీడియో' అని ఉంది.

"ఇది తీసేసి, నువ్వే రాయి. నాకు కళ్లు కనబడటం లేదు" అని ఫోన్ ఆమె చేతికిచ్చారు.

స్రవంతి ముందు పాత పేరును చెరిపింది. పొద్దుటి నుంచి అదే పని కదా, వేలు ఈసారి తడబడలేదు. తన పేరు రాసి, ఒకసారి చదువుకుని, ఫోన్ తిరిగి ఇచ్చింది.